డబ్బా వెనుక వైపు

బిడ్డా సంధ్యా, సిరిసిల్లలో అందరం బాగున్నాం, నీ బాపమ్మ లసుమవ్వ చెబుతుంటే పక్కింటి భాగ్యశ్రీ రాస్తున్నది. ఫోన్‌లో చెబితే నవ్వి ఊరుకుంటావని కార్డు.

నువ్వు కూడబెట్టే పాత వీడియో గేమ్ డబ్బాల్లోకి ఇంకొకటి జగిత్యాలలో దొరికిందట. అక్కడ అవి రెండు రకాలున్నాయని, ఏది మంచిదో చూసి రమ్మని కోరుట్ల అమ్మమ్మను పంపావట. నేను చచ్చానా? నీకు పేరు ఆమె పెట్టినప్పుడు ఊరుకున్నాను, ఇప్పుడు ఊరుకోను. సంగతి తెలిసిన మరునాడే బస్సెక్కి పోయాను.

ఒకటి ముప్పై ఏండ్ల కిందటి అసలుది, గీతలు పడ్డది. ఇంకొకటి దానిలాగే నిరుడు చేసిన కొత్తది, తళతళలాడుతున్నది. మీ అమ్మమ్మ ఆ తళుకే మెచ్చిందట. నేను రెండింటినీ బోర్లేశాను. దుకాణపాయన నవ్వి, “అవ్వా, ఆట ముంగట ఉంటది. ఎనుక ఏం జూస్తవ్?” అన్నాడు.

“చీరలు నేసేటోళ్లం. ఎనుక జూడనిది ఏదీ కొనం” అన్నాను.

కొత్తదానికి ఒక్క స్క్రూ లేదు, అంతా అతికించారు. చెడిపోతే పారేయడమే. పాతదానికి ఆరున్నాయి, విప్పి బాగుచేసుకోవచ్చు. దాచుకునేదానివి, పాతదే కొను. పక్కన పెట్టమని చెప్పి వచ్చాను.

మీ నాన్న షుగర్ గోలీలు వేసుకుంటున్నాడా? నా మోకాళ్లకు ఆ పచ్చ నూనె పంపు. డబ్బా తెచ్చిననాడు మొదటి ఆట నాతోనే ఆడాలి. నువ్వు చల్లగా ఉండు. కోరుట్ల ఆమె కూడా చల్లగా ఉండాలి, మనమిద్దరం ఆడుతుంటే కూర్చొని చూడాలి కదా.