చదివి వినిపించితిని

28 సెప్టెంబరు 1953, సోమవారం, ఏలూరు

గురువారం నుంచి మనకొక రాష్ట్రం. హోటల్లో అందరూ మద్రాసు పోయిందని ఏడుస్తున్నారు, కర్నూలు ఎక్కడుందని అడుగుతున్నారు. నా దిగులు రాజధాని గురించి కాదు. ఆఫీసుల్లోకి తెలుగు ఎప్పుడొస్తుందని. గురువారం మీటింగులో దాని మీదే పది నిమిషాలు మాట్లాడమన్నారు. రాసింది బాగాలేదు. చింపేశాను.

30 సెప్టెంబరు, బుధవారం

స్పీచ్ కుదరడం లేదు. పైగా ఆఫీసులో పని. చలపతిరావు గారు పేరున్న ప్లీడరు. నేను ఆయన గుమాస్తాని, టైపిస్టుని, ట్రాన్స్‌లేటర్ని. క్లయింట్లు తెలుగులో చెప్పింది ఇంగ్లీషులోకి మార్చి టైపు చేస్తాను. తొమ్మిదేళ్ళ నుంచి ఇదే పని.

ఇవాళ కొల్లేరు నుంచి పోలయ్య వచ్చాడు. చేపలు పట్టే మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. సరస్సు మధ్య ఒక మెరక మీద ఆరు గుడిసెలున్నాయి, అందులో ఒకటి ఇతనిది. ఆ మెరక తన పట్టాలోదేనని గట్టున పొలాలున్న అబ్బాయిరాజు గారు దావా వేశారు. వీళ్ళని అక్కణ్ణించి పంపించాలని ఇంజంక్షన్ అడుగుతున్నారు. దానికి జవాబుగా పోలయ్య అఫిడవిట్ వెయ్యాలి.

అతను చెప్పింది ఇది: "ఆ మెరక మాది కాదండి, కొల్లేరుదండి. మా తాత అక్కడే పుట్టాడు. మా అయ్యా అక్కడే పుట్టాడు, నేనూ అక్కడే పుట్టాను. ఇంకెక్కడికి పోతామండి." చెప్పిందే మళ్ళీ చెప్పాడు. నేను గడియారం చూస్తూ టైపు చేశాను. నాలుగింటికి మీటింగు కమిటీ వాళ్ళు ఇంటికి వస్తామన్నారు. పోలయ్య వేలిముద్ర వేశాడు. కింద నేను సంతకం పెట్టాను. ప్లీడరు గారు మొదటి పేజీ చూసి తనూ సంతకం పెట్టారు.

1 అక్టోబరు, గురువారం

చప్పట్లు! హైస్కూల్ హాలు నిండిపోయింది. తన కాగితంలో ఏముందో తెలియకుండా తెలుగువాడు వేలిముద్ర వేసే రోజులు ఇక పోవాలన్నాను. ఆ మాటకి ముసలివాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. రోడ్డు మీద ముక్కూమొహం తెలియని ఒకాయన నన్ను కావిలించుకున్నాడు. ఇంటికొచ్చినా ఒళ్ళు వేడిగానే ఉంది.

2 అక్టోబరు

భోజనం దగ్గర సువర్ణకి స్పీచ్ మొత్తం మళ్ళీ చెప్పాను. మజ్జిగ పోస్తూ వింది. అయ్యాక మామూలుగానే అడిగింది.

"ఏవండీ, మొన్న ఆ కొల్లేరాయనకి చదివి వినిపించారా?"

వినిపించానన్నాను.

వినిపించలేదు. "డిపోనెంటుకు తెలుగులో చదివి వినిపించితిని, సరియని ఒప్పుకొనెను" అని అఫిడవిట్ కింద ఉంటుంది. నా సంతకం దాని కిందే. నాలుగింటి లోపు అక్కణ్ణించి బయటపడాలని సంతకం పెట్టేశాను.

3 అక్టోబరు

ఆఫీసులో కాపీ తీసి చూశాను. మెరక మాది కాదు అన్నదానికి, మాకు ఆ భూమి మీద ఏ హక్కూ లేదు అని వచ్చేలా టైపు చేశాను. తాత, తండ్రి, పుట్టడం ఏమీ లేదు. చెప్పిందే చెబుతున్నాడని వదిలేశాను. ఇప్పటికే కోర్టులో వేసేశారు. దీని మీదే కేసు నిలుస్తుందా, ఇంకా ఎన్నో కాగితాలున్నాయి అనుకుని కట్ట కట్టేశాను.

18 నవంబరు

ఇంజంక్షన్ ఇచ్చేశారు. ఆర్డరులో నా వాక్యమే ఎత్తి రాశారు. తమకు హక్కు లేదని ప్రతివాదే ఒప్పుకున్నాడట. న్యాయమూర్తి తప్పేముంది? ఉన్నది చదివాడు.

19 నవంబరు

పోలయ్య, అతని భార్య మంగ పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చున్నారు. కోర్టులో ఎవరో ఆర్డరు తెలుగులో చెప్పారట.

"నేనలా అన్నానాండీ, గుమాస్తాగారూ?"

నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. తనే ఎప్పుడైనా పొరపాటున అన్నాడేమోనని అతని భయం. కోర్టు భాష వేరు పోలయ్యా, అక్కడ మాటలు అలాగే పడతాయి అన్నాను. అతను తలూపాడు. మంగ మాత్రం నా మొహం వంక చూస్తూనే ఉంది.

తెలుగు రావాలని స్పీచ్ ఇచ్చిన నోటితోనే అన్నాను ఆ మాట.

29 నవంబరు, ఆదివారం

ఉండబట్టలేక కొల్లేరు వెళ్ళాను. తాటిదోనెలో పోలయ్య తమ్ముడి కొడుకు ముత్యాలరాజు తీసుకెళ్ళాడు. మెరక మీద ఆరు గుడిసెల్లో నాలుగు విప్పేశారు. చుట్టూ కొత్త ముళ్ళకంచె. అబ్బాయిరాజు గారి మనుషులు ఇద్దరు కాపలా ఉన్నారు. కసురుకోలేదు. మర్యాదగానే, ఇక్కడికి రాకూడదండి, ఆర్డరుందండి అన్నారు.

పోలయ్య వాళ్ళు పక్క లంకలో చుట్టాల వసారాలో ఉన్నారు. అతని తల్లి సుబ్బాయమ్మని మంచంతో సహా దోనె మీద తెచ్చారట. ఆవిడ నన్ను పోలయ్య అనుకుని, ఇంటికి ఎప్పుడెళతాంరా అని అడిగింది. నీళ్ళు తగ్గగానే వెళదామమ్మా అన్నాను. ఇంకో అబద్ధం.

3 డిసెంబరు

ఏమీ రాయలేను.

9 డిసెంబరు

సుబ్బాయమ్మ మొన్న పోయిందట. ముత్యాలరాజు వచ్చి చెప్పాడు. కంచె దాటనిస్తే ఆవిడని మెరక మీద కాసేపు పడుకోబెట్టి తీసుకెళతామని అడిగారట. కాపలా వాళ్ళకి ఒప్పుకునే అధికారం లేదు. పోలయ్య గొడవ పడలేదట. హక్కు లేదని మనమే రాసిచ్చాం కదరా అన్నాడట.

సువర్ణకి అంతా చెప్పాను. తిట్టలేదు. "నేను అడిగిన రోజే నిజం చెప్పి ఉంటే, ఆర్డరు రావడానికి ఇంకా ఎన్ని రోజులు మిగిలేవండీ?" అంది. లెక్క వేశాను. నలభై ఏడు.

10 డిసెంబరు, గురువారం

ప్లీడరు గారికి చెప్పేశాను. చదివి వినిపించలేదని, సగం మాటలు వదిలేశానని, ఆ మాటే ప్రమాణం చేసి రాసిస్తానని. కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"నా సంతకం కూడా ఉంది కదయ్యా దాని కింద."

ఉందండి అన్నాను. నీ ఉద్యోగం పోతుంది, నా పేరు పోతుంది, అయినా అప్పీలు గెలుస్తామని గ్యారంటీ లేదు, ఆలోచించుకో అన్నారు. ఆలోచించుకునే వచ్చానండి అన్నాను.

12 డిసెంబరు, శనివారం

నా అఫిడవిట్ నేనే టైపు చేసుకున్నాను. అప్పీలుతో పాటు ప్లీడరు గారే కోర్టులో వేశారు. నన్ను ఆపలేదు, పేజీ పేజీ చదివారు ఈసారి. వచ్చేటప్పుడు మాత్రం, సోమవారం నుంచి రానక్కర్లేదయ్యా అన్నారు. కోపంగా కాదు. తొమ్మిదేళ్ళు వాడిన టైపు మిషనుకి గుడ్డ కప్పి వచ్చాను.

2 జనవరి 1954, తాడేపల్లిగూడెం

బావమరిది తాతాజీ రైసు మిల్లులో చేర్పించాడు. బస్తాల నంబర్లు రాసే పని. ఏ భాషా అక్కర్లేదు. ఏలూరులో నా కథ అందరికీ తెలిసింది. మీటింగు కమిటీ ప్రెసిడెంటు గారు రైల్వే స్టేషన్లో కనిపించి, పేపరు చూసుకుంటున్నట్టు పక్కకి తిరిగారు. ఉగాదికి వేసే పుస్తకంలో నా స్పీచ్ తీసేశారట. మంచిదే.

11 మార్చి

ప్లీడరు గారి దగ్గర్నుంచి కార్డు. పై కోర్టు ఆర్డరు కొట్టేసింది. కేసు మళ్ళీ మొదటి నుంచి వినాలి. అందాకా పోలయ్య వాళ్ళు మెరక మీద ఉండవచ్చు. గెలిచినట్టు కాదు, ఓడలేదు, అంతే. నా ప్రవర్తన గురించి ఆర్డరులో రెండు లైన్లు ఉన్నాయని, చదవకుండా ఉంటే మంచిదని కూడా రాశారు. తెప్పించుకుని చదివాను. న్యాయమే.

కార్డు చివర ఇంకో మాట. కొత్త అఫిడవిట్ రాయాలి, నేను వచ్చి రాస్తేనే చెబుతానని పోలయ్య అంటున్నాడట. ఎందుకని అడిగితే, ఆయనకి ఇప్పుడు భయముందండి అన్నాడట.

28 మార్చి, ఆదివారం, మెరక

కంచె తీసేశారు. రెండు గుడిసెలు లేచాయి. పోలయ్య చెప్పాడు, నేను రాశాను, తెలుగులో చదివి వినిపించాను.

"ఇంకోసారి చదవండి."

చదివాను.

"ఇంకోసారండి."

మూడోసారి అయ్యాక మంగ వంక చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. 'మాది' అన్నచోట కొట్టెయ్యమన్నాడు. ప్లీడరు గారు పెట్టమన్న మాట అది, కేసుకి అవసరం అన్నాను. అవసరమేనేమోనండి, కానీ నేననలేదు కదండీ అన్నాడు.

కొట్టేశాను. మొదటి నుంచి మళ్ళీ చదవడం మొదలుపెట్టాను.