కినాసి గండిలో నిలబడిన రోజు

ఉటెండే, మాఫియా దీవి
శుక్రవారం, జుమా నమాజు అయ్యాక

నా బంగారు శొమారికి,

అమ్మ మనసారా దీవించి రాస్తున్నది. దేవుడి చల్లని చూపు వల్ల నేనూ, మీ నాన్నా, మన మేకలూ అందరం కులాసా. నువ్వు ఆ డొడోమా దుమ్ములో దగ్గూ పడిశం లేకుండా, వేళకు తింటూ, బళ్ళో పిల్లలకు భూగోళం చెప్పుకుంటూ సుఖంగా ఉన్నావని తలుస్తాను. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్‌లో అయితే నా మాట సగంలోనే అందుకుంటావు. ఉత్తరం చదివేవాడు మధ్యలో అడ్డు రాలేడు.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. మీ నాన్న మోకాలి వాపు తగ్గింది. కొబ్బరిచెట్టు ఎక్కుతానని సరదా పడుతుంటే నేనే కోప్పడి ఆపాను. వంటింటి కప్పుకు కొత్త ఆకు నేయించాం, మొన్నటి వానకు ఒక్క చుక్క కారలేదు. నువ్వు పంపిన కళ్ళజోడు నాకు సరిగ్గా సరిపోయింది. ఈ అక్షరాలన్నీ దాని పుణ్యమే.

ఇక నాలుగో ప్రశ్న. "అమ్మా, నువ్వు పర్యాటకుల్ని పడవల్లో తిప్పుతున్నావని సెలెమానీ చెప్పాడు. కిబ్వానా మామ దగ్గర వంట మాత్రమే అన్నావు కదా" అని రాశావు. సెలెమానీ అబద్ధమాడలేదు నాన్నా. నేనే సగం చెప్పి ఊరుకున్నాను.

మొదట వంటకే వెళ్ళాను. కిబ్వానా అన్న ఆ సన్నటి తెడ్డు పడవల్లో, కయాక్‌లంటారు చూడు, వాటిలో కొత్తవాళ్ళను పగడపు దిబ్బల దాకా తీసుకెళ్ళేవాడు. ముఖానికి అద్దం, నోట్లో ఊపిరి గొట్టం పెట్టించి అడుగున ఉన్నవి చూపించేవాడు. ఇసుక మేట మీద వాళ్ళకు అన్నం, కొబ్బరిపాల చేపల కూర వండిపెట్టడం నా పని. ఒకరోజు అందరూ తింటున్నారు. అద్దమొకటి ఖాళీగా పడి ఉంది. తగిలించుకుని మోకాలి లోతులో ముఖం ముంచాను.

శొమారీ, ముప్పై ఏళ్ళుగా ఆటు వేళ ఆ దిబ్బల మీద కర్ర పట్టుకుని ఆక్టోపస్‌ల కోసం నడిచినదాన్ని. ఏ బొరియ ఎక్కడుందో నా అరికాళ్ళకు తెలుసు. నీళ్ళు నిండాక ఆ చోటు ఎలా ఉంటుందో మాత్రం ఒక్కసారీ చూడలేదు. మన ఊరి ఆడవాళ్ళలో ఎవరు చూశారు కనక? పసుపు చేపలు గుంపులు గుంపులుగా నా చేతి మీదుగా పోయాయి. నేను గొట్టంలోంచే కేక వేసి ఇన్ని ఉప్పునీళ్ళు మింగాను.

"నిన్ను వండమన్నాను గాని సముద్రాన్ని తాగెయ్యమనలేదు" అన్నాడు కిబ్వానా అన్న.

ఆ మర్నాటి నుంచి ఈత నేర్చుకున్నాను. పొడుగు చేతుల చొక్కా, పైజమా, తలకు గుడ్డ. నలభై ఏడేళ్ళ వయసు. పక్కింటి మ్వాతూము ఒడ్డున నిలబడి "ముసలి బాతుకు ఇప్పుడు కాళ్ళొచ్చాయి" అని నలుగురికీ వినబడేలా అంది. మూడు నెలలకు అదే మ్వాతూము మెల్లగా వచ్చి "అక్కా, ఆ అద్దం ఓసారి ఇస్తావా?" అని అడిగింది. మీ నాన్న నా కొలతకు ఒక తెడ్డు చెక్కి తలుపు వెనక పెట్టాడు. మార్చిలో మునిగినవాళ్ళకు ఊపిరి పొయ్యడం దగ్గర్నుంచి అన్నిటిలో పరీక్ష పెట్టారు, గట్టెక్కాను. నువ్వు కంగారు పడతావని ఈ ఎనిమిది నెలలూ నీకు రాయలేదు.

మొన్న మంగళవారం మొదటిసారి నాది ముందు పడవ, అంటే దారి చూపేది నేనే. ఆ రోజు సంగతి చెప్పకపోతే నాకు కడుపు ఉబ్బిపోతుంది.

వచ్చినవాళ్ళు నలుగురు. నెదర్లాండ్స్ నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్ళు, టబోరా నుంచి పోన్సియాన్ గారని రిటైరైన రైలు డ్రైవరు, ఆయన భార్య అగ్రిపీనా గారు. పెద్దాయనకు అరవై ఆరేళ్ళు, మనిషి ఏనుగంత. సముద్రం చూడటం అదే మొదలట. పడవ చుట్టూ రెండుసార్లు తిరిగి, "చెల్లెమ్మా, ఇది బోల్తా పడదు కదా?" అని అడిగాడు.

"పడుతుంది పెద్దాయనా. అందుకే ముందు ఇక్కడే, నడుము లోతులో, నేనే బోల్తా కొట్టిస్తాను."

"ముప్పై నాలుగేళ్ళు అంత రైలు నడిపారు. ఈ అరటి దొప్పలో కూర్చోడానికి భయమా మీకు?" అంది ఆవిడ.

"రైలు కింద నేలుంటుందే."

నలుగురినీ ఒక్కొక్కరుగా బోల్తా కొట్టించాను. పడ్డాక పడవ పట్టుకుని ఎలా ఎక్కాలో చూపించాను. పడటం తెలిశాక భయం సగం పోతుంది. పెద్దాయన నీళ్ళలోంచి లేచేసరికి టోపీ ఒకవైపు, ఆయనొకవైపు. ఆవిడ నవ్వి నవ్వి తనూ పడింది.

దిబ్బ దగ్గర, నీటి మీద తేలుతూ లంగరేసి ఉన్న గుండుకు పడవలు కట్టేశాం. అద్దం మసకబారకుండా లోపల ఉమ్మి రాసి కడగమన్నాను. "ఇంత దూరం వచ్చి నా ఉమ్మి నేనే ముఖానికి పూసుకోవాలా?" అంది అగ్రిపీనా గారు. పూసుకుంది. పెద్దాయన మాత్రం లైఫ్ జాకెట్ వేసుకుని కూడా తాడు వదలడు. చెయ్యి పట్టుకున్నాను. "పది లెక్కపెట్టేదాకా ముఖం ముంచండి, చాలు" అన్నాను. పది అయింది, ఇరవై అయింది, ఆయన లేవలేదు. ఎప్పటికో తల ఎత్తి, గొట్టం తీసేసి, మెల్లగా అన్నాడు.

"అగ్రిపీనా, కింద ఊరుంది."

ఆ మాటకు నా ఒళ్ళు పులకరించింది. నేను ఎనిమిది నెలలుగా వెతుక్కుంటున్న మాట అదే.

తర్వాత ఆయనకు తాబేలు కనిపించింది. దాని వెంట పోయాడు. ఇంతలో నీరు తిరిగింది. అమావాస్య వెళ్ళిన మూడో రోజు, ఆటు మొదలైతే కినాసి గండిలోంచి నీరు ఎంత వడిగా బయటి సముద్రంలోకి పోతుందో నీకు తెలుసు. "మా ఆయన ఏరీ?" అని అగ్రిపీనా గారు అడిగే వేళకు నారింజరంగు జాకెట్ గండి మొదట్లో చిన్న చుక్కలా ఉంది.

ముగ్గురినీ పడవల్లో కూర్చోబెట్టి, కట్టు విప్పొద్దని చెప్పి, నా విజిల్ ఆవిడకిచ్చాను. "ఆపకుండా ఊదండి. అవతల మేట మీద కిబ్వానా అన్న ఉన్నాడు, వింటాడు." మీ నాన్న చెక్కిన తెడ్డు అందుకుని బయల్దేరాను.

దగ్గరికి వెళ్ళేసరికి పెద్దాయన వెలిగిపోతున్నాడు. "నా ఈత చూశావా చెల్లెమ్మా? కాళ్ళు ఆడించకపోయినా దూసుకుపోతున్నాను."

"మీరు పోవడం లేదు పెద్దాయనా, సముద్రం తీసుకుపోతోంది. పడవ తోక పట్టుకుని వదలకండి."

వెనక్కి తిరిగి చూశాడు. భార్య ఉన్న పడవలు ఎంత దూరంలో ఉన్నాయో అప్పుడు తెలిసింది ఆయనకు. రెండు చేతులా పడవ తోక పట్టుకున్నాడు. నేను ఎదురు తెడ్డేశాను. వంద వేట్లు వేసినా ఉన్నచోటే ఉన్నాం, కాదు, ఇంకా వెనక్కే పోతున్నాం. చేతులు మండిపోయాయి. అప్పుడు కుడివైపు నీటి మీద ముడతలు కనిపించాయి. మేకవీపు. మన ఆడవాళ్ళం అలా పిలుచుకునే దిబ్బ. తెరచాపలవాళ్ళు అడుగు తగులుతుందని దాని ఛాయలకు పోరు. మేము దాని మీద ఎన్ని వందల ఆక్టోపస్‌లు పట్టామో.

ఎదురు పోవడం మానేసి అడ్డంగా తెడ్డేశాను. ఉన్న బలమంతా అడ్డంగానే. ఇక దాటిపోయామనుకునేలోగా తెడ్డు మొన రాయికి తగిలింది. దూకాను. కాళ్ళు నిలిచాయి.

"నిలబడండి" అన్నాను.

"ఎక్కడ?"

"మీ కాళ్ళ కింద."

నిలబడ్డాడు. నాకు రొమ్ముల దాకా, ఆయనకు నడుము దాకా నీళ్ళు. పడవను మధ్యలో పెట్టుకుని ఇద్దరం పట్టుకున్నాం. చుట్టూ సముద్రం ఉరుకుతుంటే మధ్యలో కొయ్యల్లా నిలుచున్నాం. మెల్లమెల్లగా నీరు తొడలకు దిగింది, మోకాళ్ళకు దిగింది. ఆయన ఊపిరి కుదుటపడ్డాక, "ఇది కూడా మీ యాత్రలో భాగమేనా?" అని అడిగాడు.

"ఈ ఒక్క రోజుకే పెద్దాయనా."

కిబ్వానా అన్న మిగతా ముగ్గురినీ తన తెరచాప పడవలో ఎక్కించుకుని వచ్చేసరికి మేమిద్దరం టబోరా తేనె గురించి మాట్లాడుకుంటున్నాం. అల్లంత దూరాన పడవ ఆపి అరిచాడు.

"ఏం శొమారి తల్లీ, ఇక్కడ బస్సు ఆగుతుందా?"

హాస్యమాడాడే గాని, మేము కయాక్ పట్టుకుని చేరగానే పెద్దాయన్ని రెండు చేతులా పైకి లాక్కుని మరి వదల్లేదు. అగ్రిపీనా గారు మొగుడి వీపు మీద గట్టిగా ఒక్కటి వేసి, ఆ వెంటనే ఆయన తల తుడిచింది.

సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. మ్వాతూము ఇంటింటికీ వెళ్ళి చెప్పింది. చేపల బజారులో మగాళ్ళు లేచి నిలబడి నాకు దారిచ్చారు. మీ నాన్న నన్ను చూసి ఊరికే నవ్వుకుంటున్నాడు. ఇంత గౌరవం నాకు పెళ్ళినాడు కూడా జరగలేదు.

ఇప్పటిదాకా రాసింది ఊళ్ళో అందరూ చెప్పుకుంటున్నది. ఇప్పుడు ఊరికి తెలియనిది రాస్తాను.

ముఖం పైకెత్తిన ప్రతిసారీ తలలు లెక్కపెట్టుకోవాలి. కిబ్వానా అన్న నాకు నేర్పిన మొదటి పాఠం అది. చేపల్ని చూడటానికి వాళ్ళు, వాళ్ళను చూడటానికి మనం అనేవాడు. ఆ రోజు పెద్దాయన తాబేలు వెంట పోతున్నప్పుడు నేను నా పాత బొరియ దగ్గర ఉన్నాను. లోపల ఆక్టోపస్ ఉంది. చెయ్యి పెడితే రంగులు మారుస్తోంది. అగ్రిపీనా గారికి చూపించాను, ఆ అమ్మాయిలకు చూపించాను. మళ్ళీ మళ్ళీ మునిగాను. ఇది నా బొరియ, నా దిబ్బ అనే గర్వం. ఎంతసేపు లెక్కపెట్టలేదో నాకే తెలియదు. నీరు తిరిగే వేళ అయిందనీ చూసుకోలేదు. ఆవిడ అడగకపోతే ఆ మనిషి ఏమయ్యేవాడో నేను తలచుకోలేను. నేను కాపాడింది నేను పోగొట్టుకోబోయిన మనిషినే శొమారీ. ఆ పొగడ్తలన్నీ రెండు రోజులు నోరు మూసుకుని పుచ్చుకున్నాను.

నిన్న పొద్దున కిబ్వానా అన్న దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను. తాడు ముడి వేస్తున్నవాడు వేస్తూనే ఉన్నాడు.

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు" అన్నాడు చివరికి.

"అందుకే చెప్పాను."

"పది యాత్రలు వెనక పడవలో రా. ముందు నేనుంటాను. పదకొండోది నీది." తాడు కింద పెట్టి, "ఆ మేకవీపు నలభై ఏళ్ళుగా తప్పించుకు తిరిగానే గాని, దాని మీద మనిషి నిలబడొచ్చని నాకు తెలియదు. వచ్చే ఆటుకు నన్ను నడిపించి చూపించు" అన్నాడు.

అక్కణ్ణుంచి నేరుగా పోన్సియాన్ గారు దిగిన ఇంటికి వెళ్ళాను. దంపతులిద్దరూ వరండాలో టీ తాగుతున్నారు. కూర్చోకుండానే చెప్పాను. అరుస్తాడనుకున్నాను. ఆయన కప్పు కింద పెట్టాడు.

"నేనొకసారి ఎర్ర సిగ్నల్ దాటేశాను చెల్లెమ్మా. బండి నిండా జనం. అవతల మరో బండి లేదు కనక బతికాం. ఎవరూ చూడలేదు, నేనూ చెప్పలేదు. రిటైరైన రోజున ఒక్క తప్పూ లేని డ్రైవరని చేతి గడియారం బహుమతి ఇచ్చారు. నువ్వు రెండు రోజుల్లో చెప్పావు. నాకు ఇరవై రెండేళ్ళు పట్టింది."

"అందుకా దాన్ని పెట్టెలోంచి తియ్యరు?" అంది అగ్రిపీనా గారు. లేచి నాక్కూడా టీ పోసింది.

ఈ రోజు తెల్లారగానే ఆయన మళ్ళీ వచ్చాడు, అద్దం చేతపట్టుకుని. కిబ్వానా అన్న ముందు, నేను వెనక. ఆయన్ని కళ్ళలో పెట్టుకుని తిరిగాను. తాబేలు రాలేదు గాని, ఆయన తాడు పట్టుకోలేదు.

రేపు ఐదుగురు వస్తున్నారు, ఐదుగురూ ఎన్నడూ నీళ్ళలో దిగనివాళ్ళు. ఇప్పట్నుంచే నాకు నిద్ర పట్టేలా లేదు, అంత సంబరంగా ఉంది. నువ్వు కోప్పడతావా, మానెయ్యమంటావా తెలియదు. మానను నాన్నా. బడికి సెలవులిచ్చాక రా. దీవిలో పుట్టి, పిల్లలకు సముద్రాల పేర్లు వల్లెవేయిస్తావు గాని, నీకు మాత్రం ఈతేదీ? ముందు నడుము లోతులో బోల్తా కొట్టిస్తాను. కొడుకువని తగ్గించేది లేదు.

ఈ ఉత్తరాన్ని తపాలాలో వెయ్యడం లేదు. టబోరా రైలు డొడోమా మీదుగానే పోతుంది కదా. నీ గుమ్మంలో నిలబడి దీన్ని నీ చేతికిచ్చిన ఏనుగంత మనిషే పోన్సియాన్ గారు. లోపలికి పిలిచి కూర్చోబెట్టు. తాబేలు ఎంత పెద్దదో ఆయన్నే అడుగు. డొడోమా చేరేసరికి అది ఇంకాస్త పెరిగి ఉంటుంది.

ఇట్లు,
నీ మేలు కోరే అమ్మ,
సికుజువా