మీ పేరుతో పంపిన జవాబులు

ఏమండీ, సలాం.

మీరు వెళ్ళి పద్నాలుగు నెలల ఆరు రోజులు. ఏడాది ఫాతెహా భోజనాలు మీ తమ్ముడు దగ్గరుండి చేయించాడు. బిర్యానీలో ఉప్పు ఎక్కువైంది. మీరుంటే మొదటి ముద్దకే అనేవారు. ఆ రోజు అందరూ బాగుందనే చెప్పి వెళ్ళారు.

నేను బాగానే ఉన్నాను. షాపు ఖాళీ చేసేశాం. మీ కుట్టు మిషను ఇంటి ముందు గదిలోకి తెచ్చుకున్నాను. చీరలకు ఫాల్స్, పీకో, అడిగినవాళ్ళకు జాకెట్లు. చేతులకు పని బాగానే దొరుకుతోంది. నోటికే లేదు.

మీ దగ్గర దాచిన సంగతి ఒకటుంది. మొత్తం చదివాక కోప్పడండి... మధ్యలో వద్దు.

మీరు పోయిన రెండో రోజు కూడా మీ ఫోను టింగుటింగుమంటూనే ఉంది. దాసు గారి పాటల వాట్సాప్ గ్రూపు. ఆ ఇరవై మూడు మందిలో ఒక్కరూ మన ఇల్లు చూసినవాళ్ళు కాదు. అందరినీ కలిపింది ఆ ప్రభుదాసు గారి పాట. దివిసీమలో పుట్టి, తన పాట తనే రాసుకుని, గిటారు భుజాన వేసుకుని కోడూరు నుంచి కైకలూరు దాకా చిన్న చిన్న హాళ్ళలో పాడే మనిషి. సినిమాలకు రాయడు. రికార్డు చేసుకోండి, పంచుకోండి, అమ్మకండి అని ఒక్కటే షరతు. ఆయన ఎక్కడ పాడినా వెళ్ళి రికార్డు చేసి అందరికీ పంపేది మీరు. ఇవన్నీ మీకు తెలియనివా? కానీ ఆయన గురించి నా నోటి నుంచి ఒక్క మంచి మాట మీరు వినలేదు కదా, అందుకని రాస్తున్నాను.

మీ సంగతి వాళ్ళకు చెప్దామనే ఆ రోజు ఫోను తెరిచాను. తెరవగానే ముదినేపల్లి రాజు మెసేజి. హంసలదీవి రికార్డులో రెండో పాట సగంలో తెగిపోయింది మావయ్యా, మళ్ళీ పంపుతారా అని. చావు కబురు చెప్పే ముందు అడిగిన పాట పంపేద్దాం, పాపం అనుకున్నాను. వెతికి పంపాను. అంతే, పువ్వుల బొమ్మల మీద పువ్వుల బొమ్మలు. మావయ్య ఉండగా మనకేం లోటని ఎవరో రాశారు. ఆ మాట చూశాక ఇంక ఎలా చెప్పను? రేపు చెప్దాంలే అనుకున్నాను.

రేపు కూడా చెప్పలేదు. అప్పటికే ఇద్దత్తులో కూర్చున్నాను. నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. మొదటి వారం అందరూ వచ్చారు. తర్వాత ఎవరి ఇళ్ళు వాళ్ళవి, ఎవరి పనులు వాళ్ళవి... నేనెవరినీ తప్పు పట్టను. మనకు పిల్లలు లేరు. ఇంట్లో పలికేది మీ ఫోనొక్కటే. పొద్దున్నే గుడ్ మార్నింగులు. మధ్యాహ్నం కాగానే, భోంచేశారా మావయ్యా అని రాజు. చేశాను, సొరకాయ కూర అని రాసేదాన్ని. నేను తిన్నది అదే కాబట్టి అబద్ధం కాదని సర్దిచెప్పుకునేదాన్ని.

మీలా రాయడం కష్టమేమీ కాలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు మీ మాట విన్నదాన్ని. ‘సరేనండి’ అని రాసి ఒక గులాబీ బొమ్మ పెడితే అది మీరే. ఎవరైనా కాల్ చేస్తే ఎత్తేదాన్ని కాదు. మీరు మాత్రం ఎత్తేవారా? “ఫోన్లో మాట్లాడుకుంటూ కూర్చుంటే పాట వినే టైం ఎక్కడుంటుంది?” అనేవారు. గ్రూపులో అందరికీ ఆ సంగతి తెలుసు. అదే నన్ను ఇన్నాళ్ళూ కాపాడింది.

చిక్కల్లా వాళ్ళ ప్రశ్నలతోనే. పడవ పాటలో మూడో చరణం ఏ ఊళ్ళో పాడారు మావయ్యా? రేవులో భార్య ఎదురుచూస్తోందని ఒకే ఒక్కసారి పాడి ఆ చరణం మళ్ళీ ముట్టుకోలేదట ఆయన. నాకేం తెలుసు? మీ రికార్డులన్నీ మొదటి నుంచీ వినడం మొదలుపెట్టాను. ప్రతిదాని మొదట్లో మీ గొంతు. “ఊరు చల్లపల్లి. ఆదివారం సాయంత్రం. రికార్డు చేస్తున్నది ఖాజా టైలరు, బందరు.” ఊరూ రోజూ మారతాయి, చివరి ముక్క మారదు. మిషను తొక్కుతూ వినేదాన్ని. మొదట్లో పాటలన్నీ ముందుకు తోసేసి మీ మాట ఒక్కటే వినేదాన్ని, నిజం చెప్తున్నాను.

వినీ వినీ రెండు ఊళ్ళు కలగలిపేసుకుని, చివరికి అవనిగడ్డ అని జవాబిచ్చాను. అది తప్పు. ఉయ్యూరు శేషగిరి గారు తెలుసుగా, షుగర్ ఫ్యాక్టరీలో రిటైరై, ఏ ఊళ్ళో ఏ పాట పాడారో పట్టీ రాసుకునే ఆయన. ఆయన పట్టీలో చల్లపల్లి అని ఉంది. రెండు రోజులు తల పట్టుకుని, ఖాజా గారు చెప్తే తప్పుండదని సరిగ్గా ఉన్న తన పట్టీని కొట్టేసి దిద్దుకున్నారు. పగలబడి నవ్వాను. నవ్వాక, ఎవరికి చెప్పాలో తెలియక గది అంతా చూశాను. మర్నాడు పొరపాటు నాదేనని రాశాను. అంటే మీదేనని.

రంజాన్ ముందు వారం గుర్తుందా? కుట్టాల్సిన బట్టలు గుట్టగా పడి ఉంటే నా నెత్తిన పెట్టి హంసలదీవి వెళ్ళిపోయారు. ఆ ఇసక గొంతు కోసం ఇంత దూరమా అని మూడు రోజులు మీతో మాట్లాడలేదు. “నీకు పాట ఎక్కదులే షకీలా, వదిలెయ్” అన్నారు.

ఇప్పుడు ఎక్కిందండీ. ఆ మూడో చరణం వస్తే మిషను ఆపేస్తాను. చల్లపల్లిలో అది విన్నప్పుడు మీకు నేను గుర్తొచ్చానా? ఇంటికొచ్చి ఒక్క మాటైనా చెప్పలేదేం...

ఇక రాజు సంగతి. పోయిన వానాకాలంలో ఒక పొద్దున, గ్రూపులో కాదు, మీకు విడిగా రాశాడు. రెండు రోజులు మబ్బుపట్టి గాలి ఆడక అతని చెరువులో పెంచుతున్న చేపలన్నీ చచ్చి తేలిపోయాయట. గట్టు మీద కూర్చుని రాస్తున్నాను, ఇంక నావల్ల కాదు మావయ్యా అన్నాడు. ఇది పాట సంగతి కాదు. నిజం చెప్పి, మీ వాళ్ళెవరినైనా పిలుచుకో బాబూ అందామా అనుకున్నాను. అలాంటి సమయంలో ఉన్న ఒక్క మావయ్యా లేడని ఎలా చెప్పను?

జవాబు రాశాను. ముందు గట్టు దిగి ఇంటికెళ్ళు. తల మీద నీళ్ళు పోసుకో. అన్నం తిని కంచం ఫోటో పెట్టు. నువ్వు పెట్టేదాకా నేను ఇక్కడే ఉంటాను అని. రాకపోతే మళ్ళీ రాశాను. మళ్ళీ రాశాను. మూడింటికి ఫోటో వచ్చింది. పప్పన్నం, ఆవకాయ, సగం తిన్న కంచం. అది చూశాక నేనూ తిన్నాను. సాయంత్రం దాకా అతను రాస్తూనే ఉన్నాడు, నేను జవాబిస్తూనే ఉన్నాను. ఆ రోజు ‘సరేనండి’ అని ఒక్కసారి కూడా రాయలేదని తర్వాత చూసుకుంటే తెలిసింది. భయమేసింది. అతను కనిపెట్టలేదు.

ఇలా గడిచిపోయేదేమో... గొంతు ఆపరేషనయ్యాక రెండేళ్ళుగా దాసు గారు పాడటం లేదు కాబట్టే గ్రూపువాళ్ళు ఎక్కడా కలవలేదు, నా బండారం బయటపడలేదు. పోయిన నెల శేషగిరి గారు కబురు మోసుకొచ్చారు. గుడివాడలో ఆదివారం సాయంత్రం దాసు గారు పాడుతున్నారు. గ్రూపులో పెళ్ళి సందడే. మావయ్య పక్కన నేను కూర్చుంటాను, ఇప్పుడే చెప్తున్నాను అని రాజు.

ఒంట్లో బాగాలేదని రాసి తప్పించుకోవచ్చు. మరి రికార్డు ఎవరు చేస్తారు? రెండేళ్ళు ఎదురుచూశారు వాళ్ళు. బీరువాలోంచి మీ రికార్డరు తీశాను. మీ చొక్కాలకు రికార్డరు కోసం లోపలివైపు ఒక జేబు కుట్టుకునేవారు కదా, అలాంటిదే నా బురఖాకు కుట్టుకున్నాను. “మెత్తటి మల్లు గుడ్డ వెయ్యి, చప్పుడు కాకూడదు” అనేవారు. మల్లు గుడ్డే వేశాను.

పెడన, గుడ్లవల్లేరు దాటి బస్సు గుడివాడ చేరేసరికి మూడున్నర. చిన్న కల్యాణ మండపం. ముందు వరసలో వాళ్ళంతా ఉన్నారు. ఫోన్లో ఫోటోలు చూసినదాన్ని కదా, ఒక్కొక్కరినీ గుర్తుపట్టాను. శేషగిరి గారి చేతిలో ఆ పట్టీ పుస్తకం. రాజు నేననుకున్నంత పెద్దవాడు కాదు, ముప్పై దాటి ఉంటాయంతే. తన పక్క కుర్చీ మీద తువ్వాలు పరిచి ఉంచాడు.

మీకోసమండీ ఆ కుర్చీ.

ఎవరో వచ్చి కూర్చోబోతే రెండు చేతులూ అడ్డం పెట్టి, మనిషి వస్తున్నాడని చెప్పాడు. నా సంచిలో ఫోను అదిరింది. మావయ్యా, ఎక్కడున్నారు? రాసినవాడి వీపు నాకు నాలుగు వరసల ముందు కనిపిస్తోంది. లేచి వెళ్ళి ఆ కుర్చీ దగ్గర నిలబడితే చాలు, మిగతాది నోరు అదే చెప్పుకునేది. కూర్చున్న చోటే ఉండి, దారిలో ఉన్నాను అని రాశాను. ఇన్నాళ్ళు ఆడిన అబద్ధాలన్నీ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు.

దాసు గారి గొంతు దిగిపోయింది. పై స్థాయికి పోవాల్సిన చోట ఆగి, మాటలా చెప్పేస్తున్నారు. మీరైతే బాధపడేవారు, నాకు ఇలాగే బాగుంది. పాట పాటకీ రాజు గుమ్మం వైపు తిరిగి చూశాడు. ఆఖరి పాట దాకా ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. అందరూ లేచాక తువ్వాలు దులిపి మడిచి భుజాన వేసుకున్నాడు. నా పక్క నుంచే వెళ్ళాడు.

ఇంటికొచ్చేసరికి నలభై మెసేజిలు. ఎవరూ కోప్పడలేదు. అందరూ కంగారే. రేపు బందరు వచ్చి చూస్తానన్నాడు రాజు, ఇల్లెక్కడో చెప్పమన్నాడు.

పొద్దున్నే లేచి తలుపు వేసుకుని రికార్డరు ముందు కూర్చున్నాను. హాల్లో ఊరి పేరు చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. మొదటి మాట లేకుండా మీ రికార్డు ఎప్పుడూ ఎవరికీ వెళ్ళలేదు. నాలుగుసార్లు మొదలుపెట్టి చెరిపేశాను, ఐదోసారికి చెప్పాను. “ఊరు గుడివాడ. ఆదివారం సాయంత్రం. ఖాజా టైలరు గారు పోయి పద్నాలుగు నెలలైంది. ఈ రికార్డు చేసింది, ఇన్నాళ్ళూ మీకు జవాబులు రాసింది ఆయన భార్య షకీలా.” అది ముందు పంపి, పాటలు తర్వాత పంపాను.

అందరూ విన్నట్టు నీలం గీతలు పడ్డాయి. అంతే. ఆ రోజంతా ఒక్కరూ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున గుడ్ మార్నింగులు కూడా రాలేదు. ఇద్దరు గ్రూపులోంచి వెళ్ళిపోయారు. చనిపోయిన మనిషి పేరుతో ఆడుకున్నారమ్మా అని ఒకాయన రాశారు. ఏమనను? శేషగిరి గారు మాత్రం మీ గురించి నాలుగు మంచి మాటలు రాసి, నా గురించి ఏమీ రాయలేదు. రాజు రానూ లేదు, రాయనూ లేదు.

ఇవాళ మధ్యాహ్నం విడిగా ఒక్క ప్రశ్న పంపాడు. చేపలు పోయిన రోజు నాతో మాట్లాడింది ఎవరు?

నేనే అని రాశాను.

టైపింగ్ అని వస్తుంది, ఆగిపోతుంది. మళ్ళీ వస్తుంది, ఆగిపోతుంది. ఫోను మిషను బల్ల మీద పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో... చివరికి ఒకే ఒక్క మాట వచ్చింది.

“అత్తయ్యా.”

ఇంకేమీ లేదు. చాలా ఏడ్చానండీ. మీరు పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. ఇన్నాళ్ళూ ఈ ఫోన్లో మీరు బతికే ఉన్నారు. పొద్దున్నే ఎవరో ఒకరు మావయ్యా అని పిలిచేవారు, మీరు సరేనండి అనేవారు. ఇక ఎవరూ పిలవరు. నా చేత్తో నేనే ఆపేశాను. చెప్పి మంచి పనే చేశానా? మీరైతే ఏమనేవారు?

రాజు ఇంకా ఎదురుచూస్తూ ఉంటాడు. ఏం రాయాలో తెలియడం లేదు. మీలా రాయమంటే ఇప్పుడే రాస్తాను. నాలా రాయడమే అలవాటు తప్పింది. అందుకే ముందు మీకు రాస్తున్నాను. ఇన్ని నెలలూ మీ పేరుతో ఎంతమందికో రాసి, మీకు ఒక్క ముక్క రాయలేదు నేను.

ఇది మడిచి పెట్టి అతనికి జవాబిస్తాను.

షకీలా