ఉప్పు డబ్బాలో ఓట్లు

తెల్లగుట్ట, మేళ్లచెరువు దారి
ఫిబ్రవరి 11, 2023, శనివారం

నా హరితకు,

నాజియా సలాములు. కొల్లాపూర్‌లో నువ్వూ నీ పిల్లలూ చల్లగా ఉన్నారనీ, అత్తమ్మ మోకాళ్ల నొప్పి కాస్త నెమ్మదించిందనీ తలుస్తున్నాను. నేను బాగున్నానని రాయాలి కాబట్టి రాస్తున్నాను. మహబూబ్‌నగర్‌లో మన ట్రైనింగ్ అయిపోయాక ఒకటి రెండేళ్లు ఉత్తరాలు రాసుకున్నాం, ఆ తర్వాత అన్నీ ఫోన్లే. ఇవాళ మళ్లీ కాగితం తీశాను. ఈ సంగతులు ఫోన్లో చెప్పేవి కావు. ఈ ఊరి వాడలోనే నా కిరాయి గది, దాని పక్క వాటాలో క్వారీ డ్రైవర్లు ఉంటారు. గోడ పలుచన.

నాది రెండు గదుల బడి. ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులకూ నేనొక్కదాన్నే. బడి వెనక గుట్ట, గుట్ట అవతల సున్నపురాయి క్వారీ. మధ్యాహ్నం సైరన్ మోగగానే పిల్లలు చెప్పకుండానే చెవులు మూసుకుంటారు. పేలుడు అయ్యాక పలకల మీద తెల్లటి పొడి పడుతుంది. ఊళ్లో ప్రతి పొయ్యీ ఆ క్వారీ కూలితోనే వెలుగుతుంది.

నవంబరులో రాజ్యాంగ దినోత్సవానికి పిల్లలతో పీఠిక చదివించాను. మూడో తరగతి పిల్లాడికి 'సార్వభౌమ' అంటే ఏమని చెప్తావు చెప్పు? అందుకే మొదటి మాట దగ్గరే ఆగాను. 'భారత ప్రజలమైన మేము'. ఆ 'మేము' ఎవరని అడిగితే ఒకడు సర్పంచ్ అన్నాడు, ఒక పిల్ల పోలీసోళ్లు అంది. అది మనమేనని నమ్మించడానికి, శనివారం ఏ ఆట ఆడాలో వాళ్లనే తేల్చుకోమన్నాను. చేతులెత్తమంటే చిన్నవాళ్లంతా ఐదో తరగతి ప్రణీత చెయ్యి చూసి ఎత్తారు. రెండు వారాలూ ఖోఖోనే గెలిచింది.

మూడో వారం చీటీలు పెట్టాను. వంటగదిలోంచి ఖాళీ ఉప్పు డబ్బా తెచ్చి, ఒక్కొక్కరినీ తలుపు చాటున రాసి వెయ్యమన్నాను. తొక్కుడుబిళ్ల గెలిచింది. ప్రణీత ముఖం చిన్నబోయింది. కాసేపటికి తానే నా దగ్గరికి వచ్చి, "వీళ్లందరికి ఖోఖో అంటె ఇష్టమనుకున్న మేడం. నాకు భయపడుతున్నరని తెల్వదు" అంది. ఇన్నేళ్లుగా చెప్తున్న పాఠం నాకు ఆ పిల్ల నోట అర్థమైంది హరితా.

డిసెంబరు చివర్లో క్వారీ మేనేజర్ విజేందర్ బడికి వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు గడప బయటే విడిచాడు, పిల్లలకు బిస్కెట్లు పంచాడు. క్వారీ ఇటు పక్కకు పెరుగుతోందనీ, బడి జాగా కావాలనీ, పిల్లలను ఆటోల్లో పెద్ద రోడ్డు మీది బడికి పంపుతామనీ, తల్లిదండ్రుల కమిటీ ఒప్పుకుంటే సరిపోతుందనీ చెప్పాడు. ప్రణీత లేచి నిలబడింది. "మమ్ముల అడగరా సారు?" అంది. ఆయన నవ్వాడు. పేరు అడిగాడు. తండ్రి పేరు అడిగాడు. తల నిమిరి వెళ్లిపోయాడు.

మరునాటి నుంచి వాళ్ల నాయిన బాలయ్యకు పని లేదు. క్వారీలో డ్రిల్లింగ్ చేసే మనిషి, మా కమిటీ చైర్మన్ కూడా ఆయనే. గేటు దగ్గర ఎవరూ ఏమీ అనలేదట. పేరు పిలవలేదు, అంతే. రెండు వారాల తర్వాత మళ్లీ పిలిచారు. ఈలోగా ఊరికి అర్థం కావలసింది అర్థమైంది.

జనవరి చివర్లో కమిటీ మీటింగు పెట్టారు. ఇంటికొకరు చొప్పున పదిహేడు మంది వచ్చారు. అందరి ముఖాలూ కనిపించేలా విజేందర్ నా బల్ల ఎదురు మూలన కుర్చీ వేయించుకున్నాడు. బాలయ్య నేల చూపులు చూస్తూ లేచి, బడి ఇక్కడి నుంచి పోవడానికి ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తమని అడగబోయాడు. అంతలో బడిలో వంట చేసే గోవిందమ్మ గరిటె చేతిలో పట్టుకునే వచ్చింది. ఆమె మనవడు రెండో తరగతి, ఆ పదిహేడు మందిలో వాళ్ల ఇంటి తరఫున ఆమే.

"చేతులెందుకు బాలయ్యా? పోరగాండ్లు ఏస్తరు గద చీటీలు, గట్లనే ఏద్దాం. నాకు చెయ్యి లేస్తలేదు" అంది.

ఎవరూ నవ్వలేదు. విజేందర్ ఆమెను కాసేపు చూశాడు. "ఏసుకో అమ్మా, నాకేం ఫికర్" అన్నాడు. ఆయనకు అంత నమ్మకం.

చదువు రానివాళ్లే ఎక్కువ. అందుకని బడి ఉండాలంటే నిలువు గీత, పోవాలంటే సున్న అని చెప్పాను. ఒక్కొక్కరే తలుపు చాటుకు వెళ్లి వచ్చారు. నేను డబ్బా తెరిచి, చీటీలన్నీ బల్ల మీది పుస్తకాల వెనక విప్పుకుని ఒక్కొక్కటే పైకి చదివాను. గీత. సున్న. గీత. విజేందర్ వేళ్ల మీద లెక్కపెడుతున్నాడు. తొమ్మిది గీతలు, ఎనిమిది సున్నలు. బడి నిలిచింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఆయన లేచి చీటీల కోసం చెయ్యి చాపేసరికి, గోవిందమ్మ బల్ల మీదివన్నీ కొంగులోకి ఊడ్చుకుని పొయ్యి దగ్గరికి పోయింది. పప్పు పొంగుతోందంటూ మంట ఎగదోసింది.

ఆ రోజు నుంచి ఊరు ఊరులా లేదు. ఆ ఎనిమిది మంది ఎవరని ఒకటే గుసగుస. బోరింగు దగ్గర అక్కాచెల్లెళ్లు జుట్లు పట్టుకున్నారు. బాలయ్య ఇంటి గోడకు ఎవరో పేడ కొట్టారు. తరగతిలో పిల్లలు దూరం దూరంగా కూర్చుంటున్నారు. "మీ నాయినే సున్న పెట్టిండు" అని ఒకడు, "కాదు, మీ అమ్మే" అని ఇంకొకడు.

విజేందర్ మాత్రం సంతోషంగా ఉన్నాడు. మొన్న గుట్ట దారిలో జీపు ఆపి, "ఎనిమిది మంది మనోళ్లే ఉన్నరు మేడం. ఇంకొక్కరు చాలు" అన్నాడు. పోతూ పోతూ, "బడికి రోజూ గీ దారిలనే పోతరు గద స్కూటీ మీద. జర చూసుకొని నడుపున్రి, లారీలు తిరుగుతున్నయి" అన్నాడు. ఎంత మెత్తగా అన్నాడో.

సోమవారం మళ్లీ మీటింగు. ఈసారి చీటీలు ఆయనే అచ్చు వేయించి తెస్తాడట. ప్రతి చీటీ మీదా ఒక నంబరు ఉంటుందట.

నిన్న ప్రణీత అడిగింది. "మేడం, ఆట చీటీలు మనం అందరికి తిప్పి చూపెడ్తం గద. పెద్దోళ్లయి ఎందుకు చూపెట్టలే?" నేను బోర్డు తుడిచాను. అంతకు ముందే తుడిచిన బోర్డు.

సరే, నువ్వు మనసు పాడుచేసుకోకు. అత్తమ్మకు నా సలాములు చెప్పు, పిల్లలను ముద్దాడు. నా కోసం ఒక్క దువా చెయ్యి, నీ దేవుడికైనా సరే.

నీ
నాజియా

తా.క. సంతకం పెట్టాక కాగితం మడవలేకపోయాను. ఒక్క సున్న కూడా లేదు హరితా. పదిహేడూ గీతలే.

సగం చీటీలు విప్పేసరికే అన్నీ గీతలేనని తెలిసిపోయింది. అందరూ ఒకే మాట రాస్తే ఇక చీటీ దాచేది ఎవరిని? ఎవరు వేశారని విజేందర్ వెతకనక్కర్లేదు. గేటు దగ్గర ఎవరి పేరూ పిలవడు, బయటి కూలీలను దింపడానికి ఒక్క పూట చాలు. అందుకే గీతను చూస్తూ సున్న అని చదివాను. నేను ఆ ఎనిమిది మందిలోనే ఉన్నానని చెప్పుకోవడానికి ప్రతి మనిషికీ ఒక చాటు మిగలాలని. గోవిందమ్మకు చదువు రాదు గానీ గీతకూ సున్నకూ తేడా తెలుసు. నన్ను ఏమీ అడగకుండా కాల్చేసింది.

పనులు దక్కాయి. కానీ పక్కింటివాడే తనను అమ్ముకున్నాడని ఊరంతా నమ్ముతోంది. సోమవారం నంబరున్న చీటీ చేతికి వచ్చేసరికి ఒక్కొక్కరూ ఒంటరిగా ఉంటారు. అది చూడలేక ఇందాక బాలయ్యను బడి దగ్గరికి పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

"అంటె ఆ పక్కకు ఎవ్వలు లేరా మేడం? ఒక్కలు గూడ?"

లేరన్నాను. తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. తర్వాత లేచి వాడలోకి పోయాడు. ఒక్కో ఇంటి తలుపు కొడుతున్నాడు, నా గదిలోకి వినిపిస్తోంది. దారి మలుపులో క్వారీ జీపు ఆగి ఉంది. అందులో ఉన్నవాళ్లకూ వినిపిస్తూనే ఉంటుంది.