దీపం కింద స్తంభం

ఆదివారం, మధ్యాహ్నం

చిరంజీవి తమ్ముడికి,

మీ అక్క ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయబోయి ఆగాను. ఒంట్లో బాగానే ఉంది, మనసే బాగాలేదురా. ఫోను చేద్దామంటే మీ బావ ఎప్పుడూ పక్కనే ఉంటారు. నువ్వు నవ్వుతావని తెలిసీ ఉత్తరం రాస్తున్నాను.

మీ బావ మన గ్యారేజీలో కారును ఎత్తే లిఫ్టు పెట్టించారు. రెండు ఇనుప స్తంభాలు, వాటికి చేతులు. మీట నొక్కితే కారు మనిషి తలకన్నా పైకి లేస్తుంది, కింద నిలబడి పని చేసుకోవచ్చు. బిగించేవాళ్ళు గది మధ్యలో పెడదామన్నారు. అలా అయితే పైకి లేచిన కారు నాన్న వేలాడదీసిన దీపానికి తగులుతుందని, మీ బావ మొత్తం పక్కకి జరిపించారు. దీపం ఊడదీస్తే పోయేదానికి! నాన్న గుర్తు కదా, తీయకూడదట. నాన్న మీద నాకు లేని భక్తి ఈయనకి. దాంతో ఎడమ స్తంభం సరిగ్గా దీపం కిందికి వచ్చింది.

దానికోసం నేల తొలుస్తుంటే మొదట బూడిద రంగు పొడి వచ్చింది, తర్వాత ఎర్రది. రెండో స్తంభం దగ్గర ఎర్ర పొడి రాలేదు. అడిగితే, పాత నేల అన్నాక అన్ని రంగులూ ఉంటాయని మీ బావ కొట్టిపారేశారు. ఒక బోల్టు ఎంత తిప్పినా బిగుసుకోలేదు, ఊరికే తిరిగింది. ఇంకా పొడుగుది వేసి, ఏదో జిగురు పోసి, రాయిలా పట్టేసిందన్నారు.

నిన్న కారు పైకెత్తి ఉండగా టిక్కుమని చప్పుడైంది. తలెత్తి చూస్తే స్తంభం నెత్తిన దీపం. అప్పుడు తట్టిందిరా. ఆ దీపం ఎప్పుడూ గది మధ్యలో లేదు. కారు కింద పని చేయడానికి నాన్న ఒక గొయ్యి తవ్వించుకున్నారు, గుర్తుందా? లోపల చీకటని, వెలుతురు అందులో పడేలా దీపం సరిగ్గా దానిపైన వేలాడదీశారు.

ఆ గొయ్యి పూడ్చినప్పుడు నేను హాస్టల్లో ఉన్నాను. సెలవులకొచ్చేసరికి నేల అద్దంలా ఉంది, నువ్వు మోకాళ్ళదాకా సిమెంటు పూసుకుని పెద్ద మేస్త్రీలా పోజు కొట్టావు. లోపల ఏం నింపారో నేను అడగలేదు. అడుగుదాకా కాంక్రీటేనా? లేక అప్పుడు కూల్చిన వంటింటి గోడ ఇటుక ముక్కలు పోసి, పైన పలచగా పూత పూశారా? నాన్న లేరు. తెలిసినవాడివి నువ్వొక్కడివే.

మీ బావతో అంటే నా పిరికితనానికి మందు లేదన్నారు. బల్లిని చూసి కేకలు పెట్టేదాన్ని ఎవరు నమ్ముతారులే. స్తంభం వెనక గోడ మీద, దాని అంచు వెంటే పెన్సిలుతో గీత గీసి, అటు వెళ్ళినప్పుడల్లా చూసుకుంటున్నాను. పొద్దున గీతకీ స్తంభానికీ మధ్య సన్నటి సందు కనిపించింది. కళ్ళే మోసం చేస్తున్నాయో ఏమో. మంగళవారం పాల వ్యాను రిపేరుకొస్తోంది, కారుకంటే ఎంతో బరువు. ఆయన దాని కింద ఉండగా ఏమైనా అయితే అన్న ఆలోచనతో అన్నం సహించడం లేదు.

ఈ ఉత్తరం తెచ్చిన బస్సు డ్రైవరు చేతికే జవాబివ్వు. మరదలిని, పిల్లల్ని అడిగానని చెప్పు.

గుండె దడతో,
మీ అక్క

తా.క. అంటించిన కవరు మళ్ళీ విప్పాను. ఆయన గురించి భయమని రాశాను, అది నిజం కాదు. మీ బావ భుజం పట్టేసి చెయ్యి పైకి లేవడం లేదు, నెలలవుతోంది. ఆయన స్టూలు మీద కూర్చుని చెబుతుంటే పానా పట్టేది నేనే. నీకు తెలిస్తే ఆయనతో గొడవ పెట్టుకుంటావని దాచాం. కారు కింద దూరి దూరి నా నడుం పోతోందనే ఆయన ఈ లిఫ్టు పెట్టించారు, అందుకే వద్దనలేకపోతున్నాను. గొయ్యి నిండా కాంక్రీటేనని నువ్వు రాస్తే నాకు ప్రాణం లేచొస్తుంది. కానీ నాకు ధైర్యం చెప్పడానికి మాత్రం అలా రాయకురా. దాని కింద నిలబడేది నేను.