తొమ్మిది దవడలలో ఏడింటిని గీకివేయుట గురించి

ప్రాంతీయ మ్యూజియంల అధికారి గారి సముఖమునకు, సియాముంజ గ్రామ వాస్తవ్యురాలు, మ్యూజియం ఎముకల గది కాపలాదారు చోల్వే హబేంజు వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: ఏడువందల ఏళ్ళ నాటి పళ్ళ గారను మంత్రి గారి రాక సందర్భముగా తొలగించి, నన్ను దొంగగా నమోదు చేయుట.

1. మా పొలములో బడి పునాదులు తవ్వగా తొమ్మిది అస్థిపంజరములు ఒకే వరుసలో బయటపడినవి. ఊరు వెంటనే తేల్చేసింది: ఇది విషం పెట్టిన పని, పెట్టింది హబేంజుల పూర్వీకులు. ఆనాటి నుండి మా మేనత్త ముతింత ఏ చావింటికి చిబ్వంటు జావ కాచి తీసుకెళ్ళినా, కుండ నిండుగానే తిరిగి వస్తున్నది.

2. రాజధాని నుండి డాక్టర్ చీలో గారు వచ్చి ఒక దవడ గారను పరీక్షించారు. తిన్న జొన్న, పీల్చిన పొగ, నోట చేరిన క్రిములు అందులోనే గట్టిపడి నిలుస్తాయట. ఊపిరితిత్తుల జబ్బు క్రిమి కనబడింది. "ఒక్కరితో తేలదమ్మా. మిగతా ఎనిమిదీ చూడాలి. అందాకా ఎవర్నీ ముట్టుకోనివ్వకు," అన్నారు.

3. మా మ్యూజియం పెద్ద మలంబో గారు ముట్టుకున్నారు.

"ఛీ, ఈ పళ్ళేంటి? మంత్రిగారు చూస్తే మన పరువేం కాను? తోమించు."

"సార్, వాళ్ళు దేంతో పోయారో ఆ గారలోనే ఉంది."

"పోయినోళ్ళు పోయారు. నువ్వు బ్రష్ పట్టు."

నేను పట్టలేదు. ఇద్దరు కూలీలను పెట్టి, యాసిడ్ పోసి, పొద్దున్నే ఏడు దవడలు గీకించారు. ఎనిమిదోది నేను నడుముకు చుట్టుకున్న చితెంగె కొంగులో మూటగట్టి బయటపడ్డాను. అవును, ఎత్తుకెళ్ళాను. డాక్టర్ గారి చేతిలోనే పెట్టాను.

4. అందులోనూ అదే క్రిమి ఉన్నట్లు కాగితం వచ్చినది. ఆ కాగితం గ్రామపెద్ద హమోంగ గారికి చదివి వినిపించాను. ఆయన తాపీగా, "ఇద్దరి లెక్క తేలింది. మిగతా ఏడుగురికి మీరు విషం పెట్టలేదని రాసుందా?" అన్నాడు.

రాయలేదండీ! రాసి ఉన్నదాన్ని మీ శాఖ యాసిడ్‌తో కడిగేసింది!

5. పైగా ఆ తెల్లటి పళ్ళ కింద బోర్డు పెట్టారు: "మన పూర్వీకులు రోగమెరుగరు."

కావున ఆ బోర్డు పీకించి, నాపై దొంగతనం కేసు రద్దు చేసి, ఏడుగురి ఆనవాళ్ళు పోగొట్టినది తమ శాఖేనని ముద్ర వేసిన ఉత్తరమును మా ఊరి సభలో తమరే స్వయముగా చదువుటకు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
చోల్వే హబేంజు

తా.క.: ఇదంతా మా అత్తకు చదివి వినిపించాను. "చిత్తగించవలెను అని బతిమాలతావేంటే? సిగ్గుపడవలెను అని రాయి," అంది. దిద్దడానికి ఇంకో కాగితం లేదు. ఆవిడ చెప్పినట్టే చదువుకోండి.