సాయవ్వ చనిపోయిన తారీఖు

బాన్సువాడ,
తేది 4-12-2006.

మండల రెవెన్యూ అధికారి గారి సముఖమునకు,
బాన్సువాడ మండలం, నిజామాబాదు జిల్లా.

నిజాంసాగర్ కాలువ తూము వద్ద లష్కరుగా పనిచేయుచున్న వెంకట్రాములు, తండ్రి కీ.శే. పోశయ్య, వయస్సు 41 సం., నివాసం బాన్సువాడ, వ్రాసుకొను విన్నపం.

విషయం: నా తల్లి సాయవ్వ 24-9-2006 నాడు మరణించినట్లు నమోదు చేయవలెనని నేను లోగడ ఇచ్చిన దరఖాస్తును రద్దుపరచి, ఆమె నిజముగా మరణించిన 4-9-2006 తేదీనే నమోదు చేయించుట గురించి, మరియు ఈ తప్పులో నా చెల్లెలు శ్రీలతకు ఎట్టి ప్రమేయము లేదని లేఖ ఇప్పించుట గురించి.

అయ్యా,

1. పై విషయములో తమకు మనవి చేయునది ఏమనగా, నేను పోయిన నెల 27వ తేదీన తమ కార్యాలయంలో ఒక దరఖాస్తు ఇచ్చి ఉన్నాను. నా తల్లి ఇంట్లోనే పోయినందున దవాఖాన కాగితం లేదు. ముప్పై రోజులు దాటినందున తమరి మంజూరు లేనిదే మరణ ధ్రువపత్రం రాదన్నారు. అందుకని మా గల్లీవారు ఐదుగురు సంతకాలు చేసిన పంచనామా జతపరిచాను. అందులో రాసిన తేదీ అబద్ధం. మా అమ్మ అంతకు ఇరవై రోజుల ముందే, సెప్టెంబరు 4వ తేదీ సోమవారం పొద్దున ఏడు గంటలకు, నా చేతుల్లో పోయింది. సంతకాలు పెట్టినవారి తప్పు ఇందులో లేదు. నేను అడిగితే కాదనలేకపోయారు.

2. ఈ అబద్ధం ఎందుకు పుట్టిందో చెప్పాలంటే నా చెల్లెలి వీసా సంగతి చెప్పాలి. సదరు శ్రీలత ఆస్ట్రేలియా దేశంలోని మెల్‌బోర్న్‌లో ఒక కాలేజీలో అకౌంట్సు డిప్లొమా చదువుచున్నది. నాకన్నా పద్దెనిమిదేళ్ళు చిన్నది. మా నాయన పోయేనాటికి దానికి ఐదేళ్ళు. బడికి ఎత్తుకుపోయింది నేనే, ప్రోగ్రెసు కార్డు మీద సంతకం పెట్టింది నేనే. పై చదువుకు ఆ దేశం పోతానంటే సరే అన్నదీ నేనే.

2004లో మొదటిసారి పెట్టిన వీసా దరఖాస్తును కాగితాలు చాలవని తిప్పి పంపారు. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాం. ఇంగ్లీషు పరీక్షకు రెండుసార్లు, డాక్టరు పరీక్షకు ఒకసారి హైదరాబాదు తిరిగాం. చదువు ఖర్చుకు చూపిన భూమి మా అమ్మ పేరున ఉన్నందున కాగితాలన్నింటి మీద ఆమే వేలిముద్రలు వేయవలసి వచ్చింది. పదకొండో కాగితం దగ్గర నోటరీ గారి ముందరే, "పిల్లను కన్ననాడు ఒక్క ఏలిముద్ర అడగలే, పంపుతందుకు గిన్ని అడుగుతుండ్రేంది" అన్నది. నోటరీ గారు కూడా నవ్వారు. 2005 డిసెంబరులో వీసా వచ్చింది.

3. వీసా రావడం ఒక ఎత్తు, దాన్ని నిలుపుకోవడం ఒక ఎత్తు అని తరువాత తెలిసింది. తరగతులకు నూటికి ఎనభై రోజులు హాజరు కావాలి. వారానికి ఇరవై గంటలు మించి కూలిపని చేయరాదు. ఇల్లు మారితే ఏడు రోజుల్లో తెలపాలి. వీటిలో ఏది తప్పినా వీసా రద్దు, పైగా మూడేళ్ళ వరకు మళ్ళీ ఇవ్వరు. నేను పంతొమ్మిదేళ్ళుగా తూము దగ్గర గేజి చూసి నీటి మట్టం రిజిస్టరులో రాస్తున్నవాణ్ణి. నీళ్ళు చాలక రైతులు నా మొహం మీద తిట్టినా ఒక్క అంకె మార్చి రాయలేదు. అలాగే ప్రతి ఆదివారం శ్రీలత ఫోనులో చెప్పే హాజరు శాతాన్ని కూడా ఒక నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. అంకె ఎనభైకి దిగువకు పోకుండా చూస్తే చాలు, పిల్ల క్షేమంగా ఉన్నట్టే అనుకున్నాను. నా బుద్ధి అంతవరకే పనిచేసింది.

4. ఆగస్టు 24న మా అమ్మకు పక్షవాతం వచ్చింది. నిజామాబాదు దవాఖానలో ఐదు రోజులు ఉంచి, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఒక పక్క నోరు వంకరపోయింది గాని మాట తెలిసేది, తెలివి చివరిదాకా ఉంది. కళ్ళు తెరిచినప్పుడల్లా శ్రీలత వచ్చిందా అని అడిగేది. పిలుద్దామని నా భార్య అన్నది. నేను నోటుబుక్కు తీసి చూశాను. జూలైలో జ్వరం వచ్చి కొన్ని తరగతులు పోయినందున ఆ టర్ములో హాజరు 83 ఉంది. పదిరోజులు ఇటు వస్తే 63కు పడిపోతుంది. పరీక్షలు సెప్టెంబరు 22కు అయిపోతాయి, అప్పటిదాకా అమ్మ ఆగుతుంది అనుకున్నాను.

అందువల్ల ఆదివారం ఫోనులో చెల్లెలితో, అమ్మ పెద్ద కొడప్‌గల్‌లో చిన్నమ్మ ఇంటికి పోయిందని చెప్పాను. అమ్మతో, శ్రీలత బయలుదేరింది, శుక్రవారం దిగుతుంది అని చెప్పాను. శుక్రవారం నాడు శనివారం అన్నాను. శనివారం నాడు విమానం ఆలస్యం అన్నాను. మా అమ్మ నన్ను అనుమానించలేదు. ఆదివారం సాయంత్రం నా చెయ్యి పట్టుకొని, "గంత దూరం నుంచి వస్తున్నది గద, ఆలిశమైతది తీ. వచ్చినంక దాన్ని కోపం చెయ్యకురా" అన్నది. తెల్లవారి పోయింది.

అయ్యా, పంతొమ్మిదేళ్ళ సర్వీసులో ఇంత పెద్ద తప్పు నేను చేయలేదు. చేయగలనని కూడా అనుకోలేదు.

5. నా తల్లికి జరగవలసినవన్నీ జరిపించాను. తల తీయించుకున్నాను. పదకొండో రోజు కూడా అయింది. చెల్లెలికి మాత్రం చెప్పలేదు. పరీక్షలు అయిన రోజున అమ్మకు బాగలేదని ఫోను చేశాను. సెలవుల్లో వచ్చి, ఉన్న మాట విని, ఏడ్చి, తరగతులు మొదలయ్యే అక్టోబరు 9 నాటికి వెళ్ళిపోతుందని నా లెక్క. తిరుగు టికెట్టు కూడా 7వ తేదీకే తీసుకుంది.

25వ తేదీ సాయంత్రం హైదరాబాదులో దిగింది. జీపులో కామారెడ్డి వచ్చేదాకా నేను నోరు విప్పలేదు. అక్కడ, అమ్మకు ఎట్లుందో చెప్పవేందన్నా అని నా భుజం పట్టి ఊపింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలనే నేను నోరు తెరిచాను. నోట్లోంచి వచ్చిన మాట మాత్రం, "రాత్రే పోయిందమ్మా." ఇరవై రోజులని చెప్పడానికి నాకు నోరు రాలేదు. వానకు ఉంచలేకపోయామని, పొద్దున్నే దహనం చేశామని చెప్పాను. టీ తాగుతానని దిగి ఇంటికి ఫోను చేసి సంగతి చెప్పాను.

మేము చేరేసరికి గల్లీ ఆడవాళ్ళంతా మా వాకిట్లో ఉన్నారు. ఇరవై రోజుల కిందట ఏడ్చినవాళ్ళే మళ్ళీ ఏడ్చారు. అది నటన అని నేను అనలేను. పిల్లను చూశాక వాళ్ళకు నిజంగానే ఏడుపు వచ్చింది. అవి బతుకమ్మ రోజులు. మా ఇంటి ముందర ఆడితే బాగుండదని ఈ ఏడు పక్క గల్లీకి పోయి ఆడుకున్నారు. నా తల మీద వెంట్రుకలు ఎందుకు ఇంత పొట్టిగా ఉన్నాయని శ్రీలత అడిగితే, అమ్మకు బాగుకావాలని ఎములాడ రాజన్నకు తలనీలాలు ఇచ్చానన్నాను. అది నా తల నిమిరి చాలాసేపు ఏడ్చింది. అంతకన్నా నన్ను చెప్పుతో కొట్టినా బాగుండేది.

దాని కోసం దినాలు మళ్ళీ చేశాము. మంగలి దేవిదాస్ నన్ను పక్కకు పిలిచి, "ఒక్క తల్లికి రెండుసార్లు చేసుడు నేనెక్కడ చూడలే రాములన్నా, నా చెయ్యి ఆడుతలేదు" అన్నాడు. తరువాత కత్తి కడుక్కొని వచ్చి కూర్చున్నాడు.

6. అసలు నష్టం ఇక్కడ జరిగింది. నిజమైన తేదీ ప్రకారం నెల మాసికం అక్టోబరు మొదటి వారంలోనే వచ్చింది. ఆ రోజు డ్యూటీ ఉందని చెప్పి పోయి, కాలువ గట్టు మీద నేనొక్కణ్ణే ఇంత అన్నం పెట్టి వచ్చాను. శ్రీలతకు తెలిసిన తేదీ ప్రకారం మాసికం 23వ తేదీన. చివరి చూపుకు ఎట్లాగూ అందలేదు, మాసికానికైనా ఉంటానని టికెట్టు మార్చుకుంది. తరగతులు పోతాయని నేను ఎంత చెప్పినా వినలేదు. "కాలేజీ యాడికి పోతదన్నా, అమ్మ మాసికం మళ్ళొస్తదా" అన్నది. వచ్చి పోయింది తల్లీ అని చెబితే అది 7వ తేదీనే వెళ్ళిపోయి ఉండేది. నాలుగైదుసార్లు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అక్టోబరు 25న వెళ్ళింది. పదమూడు రోజుల తరగతులు పోయి, ఆ టర్ము హాజరు 74కు దిగింది.

ఏ అంకెను కాపాడటానికి తల్లికీ బిడ్డకూ నడుమ నేను అడ్డం నిలబడ్డానో ఆ అంకెను నేనే ముంచాను.

7. నవంబరు 20న కాలేజీవారు నోటీసు ఇచ్చారు. ఇరవై ఎనిమిది రోజుల్లో, అనగా డిసెంబరు 18 లోపల, అక్కడి ఇమిగ్రేషన్ వారికి కారణం చూపకపోతే వీసా రద్దు. తల్లిదండ్రుల జబ్బుకు గాని మరణానికి గాని పోయి ఉంటే, రుజువు చూపితే మన్నిస్తారని ఆ నోటీసులోనే ఉందని శ్రీలత చదివి వినిపించింది. ఈ మాట నాకు ఆగస్టులో తెలియదు. ఎవరినీ అడగనూ లేదు. అడిగి ఉంటే మా అమ్మ తన బిడ్డను చూసుకొని పోయేది.

తల్లి 24వ తేదీన చనిపోయిందని శ్రీలత తనకు తెలిసినట్టే ఇమిగ్రేషన్ వారికి రాసి సంతకం చేసి ఇచ్చింది. దానికి సరిపడే ధ్రువపత్రం పంపమని నన్ను అడిగింది. అందుకే ఆ దరఖాస్తు పెట్టాను.

8. నవంబరు 30న తమ గుమాస్తా గారు నన్ను పిలిచి, పద్ధతి ప్రకారం రాసినది చదివి వినిపించి, సరేనా అని అడిగారు. సాయవ్వ, భర్త పోశయ్య, 24-9-2006. సరే అంటే అయిపోయేది. మా అమ్మ 24 దాకా బతికి ఉంటే, ఆ ఇరవై రోజులూ ఆ మంచం మీద పడుకొని శ్రీలత వచ్చిందా అని అడుగుతూనే ఉండేది కదా అనిపించింది. బతికి ఉండగా పదకొండు రోజులు ఎదురుచూడబెట్టినవాణ్ణి. కాగితం మీద ఇంకో ఇరవై రోజులు ఎదురుచూడబెట్టలేను. రేపు వస్తానని చెప్పి లేచి వచ్చాను. ఆ రేపు ఇవాళ్టికి వచ్చింది.

9. కనుక తమరిని కోరునది: మరణ తేదీని 4-9-2006గా నమోదు చేయించవలెను. దానితోపాటు, సదరు శ్రీలతకు తల్లి మరణమును అన్న అయిన నేను దాచితినని, ఆమె రాసి ఇచ్చినది తనకు తెలిసినంతలో నిజమేనని, మాసికం వరకు ఆమె ఆగిపోవడానికి నా అబద్ధమే కారణమని తమరి ముద్రతో ఒక లేఖ ఇప్పించవలెను. తేదీ మారితే ఇమిగ్రేషన్ వారు నమ్ముతారో లేదో నాకు తెలియదు. నమ్మకపోతే రెండేళ్ళ కష్టం, దాని చదువు, అన్నీ పోతాయి. ఆ సంగతి తెలిసే ఈ అర్జీ పెడుతున్నాను. తప్పుడు పంచనామా ఇచ్చినందుకు నా మీద తీసుకొనదలచిన చర్య తీసుకోవచ్చును. ఉద్యోగం పోయినా నాకు అభ్యంతరం లేదు. 18వ తేదీ లోపల లేఖ చేరితే చాలును.

తప్పు చేసినవాడి చేతి రాత అని పక్కన పెట్టక, పై సంగతులు తమరు దయతో చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
వెంకట్రాములు, లష్కరు.

తా.క.: ఈ కాగితం తమకు ఇచ్చే ముందు చెల్లెలికి చెప్పడం ధర్మమని, ఇవాళ పొద్దున ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేసి అంతా చెప్పాను. సెప్టెంబరు 4 అని చెప్పాను. దినాలు, మాసికం, నా తల వెంట్రుకల సంగతి, ఏదీ దాచలేదు. వీసా గురించి అడగలేదు, నన్ను ఒక్క మాటా అనలేదు. ఒక్కటే అడిగింది: "అన్నా, అమ్మ నన్ను అడిగిందా?"

"లేదమ్మా, తెలివి లేకుండె. ఎవ్వర్ని అడగలే" అని చెప్పాను.

కావున అమ్మ దాన్ని అడిగిందని పై 4, 8 అంశములలో నేను రాసుకున్నది తమరు చదివి అక్కడే విడిచిపెట్టి, నా చెల్లెలి చేతికి వెళ్ళే లేఖలో చేర్చకుండా ఉండవలెనని కాళ్ళు పట్టుకొని వేడుకొంటున్నాను. ఈ ఒక్క అబద్ధాన్ని రద్దు చేయమని నేను ఏ అర్జీ పెట్టను.